పండ్ల చేప

ఈ ఆదివారం మీ ఇంట్లో చేపల పులుసైతే, తలకాయ ముక్కను గిన్నెలో వేసేముందు ఒక్కసారి దాని నోరు తెరిచి చూడండి. బొచ్చె అయినా, శీలావతి అయినా దవడల మీద ఒక్క పన్నూ కనిపించదు. బోసినోరే. అదే మార్కెట్లో ‘రూప్‌చంద్‌’ అని అమ్మే గుండ్రటి చేపైతే మాత్రం ఉలిక్కిపడతారు. కిందొక వరుస, పైనొక వరుస... అచ్చం మనిషి పళ్లలాగే! నాకైతే మా మేనమామ రాత్రిపూట గ్లాసులో వేసి పడుకునే కట్టుడు పళ్లు గుర్తొస్తాయి.

ఆ పళ్లను చూసి నేనూ ఒకసారి ఉలిక్కిపడ్డాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోకుండా వార్త రాశాను. ఆ వార్త ఖరీదు చెల్లించింది నేను కాదు. అది చెబుదామనే ఇదంతా.

2015 నవంబరు నాటి మాట. జర్నలిజం డిప్లొమా చేతికొచ్చి ఎంతోకాలం కాలేదు. పుంగనూరు ప్రాంతానికి కంట్రిబ్యూటర్‌ని. జీతం లేదు, అచ్చయిన వార్త ఎన్ని సెంటీమీటర్లుంటే అన్ని డబ్బులు. ఆ ఏడాది చిత్తూరు జిల్లాలో వానలు దంచికొట్టాయి. ఏళ్ల తరబడి సర్కారు తుమ్మ మొలిచి, పిల్లలు క్రికెట్‌ ఆడుకున్న చెరువుల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లంటే మామూలు నీళ్లు కావు, కట్టలు తెగుతాయేమోనని ఊళ్లు నిద్రపోనంత. అలాంటి రోజుల్లో ఓ మధ్యాహ్నం ఫోన్‌. ‘అన్నా, మా చెరువు మొరవ కాడ మనిషి పండ్లున్న చేప పడింది. తొందరగా రా!’

బండి మీద వెళ్లేసరికి మొరవ దగ్గర జాతర. వలలో పడిన చేప కట్ట మీద ఉంది. భోజనం పళ్లెమంత గుండ్రంగా, పలచగా ఉంది. వెండిరంగు ఒళ్లు. గొంతు నుంచి పొట్టదాకా ఎరుపు. ఒక కుర్రాడు పుల్లతో దాని నోరు తెరిచి పట్టుకున్నాడు. పళ్లు చూడగానే ఆడవాళ్లు ‘అమ్మో’ అని వెనక్కి జరిగారు. ఇంకో కుర్రాడు ఫోన్లో వెతికి ఒక బొమ్మ చూపించాడు. ఎర్రపొట్ట, పళ్లు. కింద పేరు: పిరానా.

ఇంకేముంది! మనుషుల్ని ఎముకలదాకా కొరికేసే పిరానా. ఇంటర్‌ రోజుల్లో కేబుల్‌ టీవీలో చూసిన ఇంగ్లిష్‌ సినిమా కళ్లముందు తిరిగింది. మదనపల్లెలో నాకు తెలిసిన ఒక జువాలజీ మాస్టారికి నాలుగుసార్లు ఫోన్‌ చేశాను. ఎత్తలేదు. ఆరింటికల్లా వార్త పంపాలి. పంపేశాను. ‘చెరువులో పిరానా... వణుకుతున్న గ్రామాలు.’ పిరానా పక్కన ప్రశ్నార్థకం పెట్టాననీ, డెస్కులోవాళ్లు దాన్ని తీసేశారనీ చాన్నాళ్లు స్నేహితులతో చెప్పుకున్నాను. అది నిజం కాదు. నా కాపీలోనే ప్రశ్నార్థకం లేదు.

మర్నాడు ఆ చెరువులోకి ఎవరూ దిగలేదు. గేదెల్నీ తోలలేదు. ఆ మరునాడు ఆదివారం. పుంగనూరులో రోడ్డుపక్కన పట్టా పరిచి చేపలమ్మే ఒకామె కైకలూరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన రూప్‌చంద్‌ను నలభై కిలోలు దించుకుంది. వడ్డీకి తెచ్చిన డబ్బు. చేప అదే. పొట్ట ఎరుపూ అదే, పళ్లూ అవే. పేపర్లో ఫొటో చూసినవాళ్లు ఆ పెట్టెల్నీ చూశారు. మధ్యాహ్నందాకా ఒక్క కిలో తెగలేదు. పక్కనున్న శీలావతి కూడా కొనలేదట, దాన్నీ దీన్నీ ఒకే కత్తితో కోస్తుందని. సాయంత్రానికి ఐసు కరిగిపోయింది. గుంత తీసి పూడ్చేసింది.

రెండ్రోజుల తర్వాత టీకొట్టు దగ్గర ఆమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

‘ఏం సామీ, పేపర్లో ఏసింది నువ్వేనంట కదా?’

‘అవునక్కా.’

‘రెండేండ్లుగా ఇదే చేప అమ్ముతా ఉండాను. దినామూ ఈ చేతుల్తోనే కోస్తా. నన్ను ఒక్కటీ కరవలేదే! కరిచింది నీ పేపరే.’

టీ గ్లాసు చేతిలో ఉంది కానీ మాట రాలేదు. అప్పటికే నాకు నిజం తెలిసిపోయింది మరి. వార్త వచ్చిన పొద్దునే మదనపల్లె మాస్టారు ఫోన్‌ చేశారు. ‘ట్యూషన్‌ చెప్తూ ఫోన్‌ తీయలేదబ్బాయ్‌. రాత్రి ఎనిమిదికి చేసుంటే చెప్పేవాణ్ని కదా, అది పిరానా కాదు, పాకు అని. వచ్చే ఆదివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు ఒక రూప్‌చంద్‌, ఒక శీలావతి పట్టుకురా’ అన్నారు.

పట్టుకెళ్లాను. వాళ్లావిడ ఆ రెండు చేపల్నీ వంటింటి గడప దాటనివ్వలేదు. మేడమీద నీళ్లట్యాంకు నీడలో పీట వేసుకుని కూర్చున్నాం. పదవీ విరమణ చేసిన మనిషికి పాఠం వినే విద్యార్థి దొరికితే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. మూడు గంటలు!

ముందు రూప్‌చంద్‌ నోరు తెరిచారు. ‘ఏలు పెట్టి చూడు. మొనలున్నాయా? లేవు. బండగా ఉన్నాయి, మన దంతాల్లాగా. పిరానావి ఇలా ఉండవు. ముక్కోణాల్లా, రంపంలా, పైవీ కిందివీ ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి. పైదవడలో దానికి ఒకటే వరుస, దీనికి రెండు. పిరానాకు కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది, కోపంగా ఉన్న కుక్కలాగా. దీని ముఖం చూడు... పాపం, నిమ్మళంగా లేదూ?’

నిమ్మళంగానే ఉంది.

రెండూ దాయాదులే. ఆ మాటకొస్తే నా ఫోన్‌ కుర్రాడు పూర్తిగా తప్పు కాదు. పిరానాలూ, పాకులూ సెరాసాల్మిడే అనే ఒకే కుటుంబంలోవి. రంపపు సాల్మన్‌ అని ఆ పేరుకు అర్థం. పొట్ట అడుగున వేలితో వెనక నుంచి ముందుకు నిమిరితే రంపం అంచులా గరుకుగా తగులుతుంది చూడండి, ఆ పేరు అందుకే. దక్షిణ అమెరికా నదులు వీటి పుట్టిల్లు. మన రూప్‌చంద్‌ను పారిస్‌లో ఉన్న కువియే అనే ప్రకృతి శాస్త్రవేత్త 1818లోనే శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. దాని శాస్త్రీయ నామం పయారాక్టస్‌ బ్రాకిపోమస్‌. బ్రాకిపోమస్‌ అంటే పొట్టి మొప్పమూతది అని. ఎర్రపొట్ట పిరానాకు 1858లో పేరు పెట్టారు. అది పైగోసెంట్రస్‌ నాటెరెరి. బ్రెజిల్లో పద్దెనిమిదేళ్లపాటు తిరిగి జంతువుల్నీ, పక్షుల్నీ సేకరించిన నాటెరర్‌ అనే ఆస్ట్రియా వాడి జ్ఞాపకార్థం.

అసలు తమాషా వాటి తిండిలో ఉంది. అమెజాన్‌కు వరదలొచ్చినప్పుడు నీళ్లు మైళ్లకొద్దీ అడవిలోకి వెళతాయి. చెట్లు సగందాకా మునుగుతాయి. అప్పుడు పాకులు కొమ్మల కింద ఈదుతూ, పైనుంచి రాలే పండ్ల కోసం కాచుకుని ఉంటాయి. పండ్లే కాదు, రాయిలాంటి గింజల్నీ పటపటా కొరికేస్తాయి. ఆ పళ్లు అందుకు! కొరక్కుండా మింగిన గింజలు కొన్ని ఎక్కడో దూరంగా బయటపడి మొలకెత్తుతాయి. మన దగ్గర పిట్టలూ గబ్బిలాలూ చేసే పని అక్కడ చేప చేస్తోంది. అలాగని ఒట్టి శాకాహారి అనుకోవద్దు. నత్తలు, పురుగులు, చిన్న చేపలు ఏది దొరికితే అది తింటుంది.

మా వైపు దంతాల్నీ పండ్లే అంటాం, మామిడి కాయ మగ్గితే వచ్చేవాటినీ పండ్లే అంటాం. ‘పండ్లు తినడానికి పండ్లున్న చేప’ అని నేననగానే మాస్టారు గట్టిగా నవ్వి, ‘ఇది నీ వార్తకు హెడ్డింగ్‌ పెట్టాల్సింది’ అన్నారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత శీలావతి వంతు. ‘దీనికి పళ్లు లేవనుకుంటున్నావు కదా?’ అని మొప్ప వెనక కత్తి పెట్టి, కొడవలిలా వంగిన ఒక ఎముక బయటికి లాగారు. దాని మీద పళ్లు! నోట్లో కాదు, గొంతులో. బొచ్చె, శీలావతి, పరిగెలాంటి వాటన్నిటికీ ఇంతేనట. మింగేటప్పుడు నములుతాయన్నమాట. ముప్ఫై ఏళ్లు చేపలు తిన్నాను, ఎప్పుడూ చూడలేదు.

ఇక మూడో వింత చెవుల దగ్గర. రెండు చేపల మెడ భాగంలో వెన్నెముక మొదట్లో పట్టకారుతో వెతికి, నువ్వుగింజల్లాంటి ఎముకల్ని తీసి కాగితం మీద పెట్టారు. రెండింటిలోనూ ఉన్నాయి. చేప కడుపులోని గాలితిత్తి తప్పెటలాగా పనిచేస్తుంది. నీళ్లలో శబ్దం దానికి తగలగానే అది అదురుతుంది. ఆ అదురును ఈ చిన్న ఎముకల గొలుసు లోపలి చెవికి అందిస్తుంది. 1820లో వేబర్‌ అనే జర్మన్‌ పండితుడు దీన్ని వర్ణించాడు. ఆయన పేరే ఆ ఎముకలకు పెట్టారు. మన బొచ్చెకూ, జెల్లకూ, వాలుగకూ, అమెజాన్‌ పిరానాకూ అందరికీ ఇవే ఎముకలు. ప్రపంచంలోని మంచినీటి చేపల్లో సగానికి పైగా ఈ చెవి ఉన్నవే. చెరువు గట్టు మీద గట్టిగా మాట్లాడితే చేపలు పడవని మా తాత కసిరేవాడు. ఉత్తినే కసరలేదన్నమాట.

‘అంటే శీలావతీ రూప్‌చందూ చుట్టాలా సార్‌?’

‘దూరపు చుట్టాలు. ఒకే ఊరి నుంచి ఎప్పుడో విడిపోయిన రెండు వంశాలనుకో.’

ఆ రెండో వంశం పేరు కారసిఫార్మిస్‌. జీవశాస్త్రంలో దాన్ని క్రమం అంటారు, కుటుంబాలకన్నా పైమెట్టు. ఇందులో రెండు వేలకు పైగా జాతులున్నాయి. గుర్తుపట్టడానికి మాస్టారు చెప్పిన కొండగుర్తులు: దవడల మీద పళ్లు ఉంటాయి. జెల్లకున్నట్టు మీసాలు ఉండవు. వీపు మీది రెక్కకూ తోకకూ మధ్య చాలావాటికి చిటికెన గోరంత కండరెక్క ఒకటి ఉంటుంది, ముల్లు లేకుండా మెత్తగా. మీరు రూప్‌చంద్‌ తెచ్చుకుంటే అది కూడా చూడండి. శీలావతికి ఉండదు.

ఈ వంశం మొత్తం రెండే చోట్ల ఉంది. ఒకటి ఆఫ్రికా, రెండోది దక్షిణ, మధ్య అమెరికాలు. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణపు కొసదాకా ఒక టెట్రా వెళ్లింది, అంతే. సముద్రం ఈదలేని మంచినీటి చేప అట్లాంటిక్‌కు రెండువైపులా ఎలా ఉంది? చేపలు కదల్లేదు, నేల కదిలింది. సుమారు పదికోట్ల ఏళ్ల కిందటిదాకా ఆ రెండు ఖండాలూ అతుక్కునే ఉండేవి. ఆ పాత మహాఖండానికి గోండ్వానా అని మన మధ్యభారతంలోని గోండుల నేల పేరే పెట్టారు. మన దేశమూ అందులో ఒక ముక్కే. కానీ ఆస్తి పంపకాల్లో మనకు ఈ వంశపు చేప ఒక్కటీ రాలేదు. వాళ్లకేమో మన బొచ్చె, శీలావతుల వంశం దక్షిణ అమెరికాలో లేదు. ఈ లెక్కలు ఇంకా తెగలేదు లెండి. డీఎన్‌ఏ చదవడం మొదలయ్యాక ఇంటిపేర్లన్నీ మారుతున్నాయి. పిరానాల కుటుంబం ఒకప్పుడు పెద్ద కుటుంబంలో ఒక వాటా, ఇప్పుడు వేరు కాపురం. ఆఫ్రికా శాఖల్లో ఒకటి అసలు ఈ వంశమేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2019లో ఓరినోకో నదిలోని రూప్‌చంద్‌ను విడదీసి కొత్త జాతిగా ప్రకటించారు. రెండు వందల ఏళ్లు ఒకటే అనుకున్నది రెండయింది. పండితులే రెండు వందల ఏళ్లు తీసుకుంటే... నేను రెండు గంటలు తీసుకున్నాను.

పిరానా గురించి కూడా చెప్పాలి, దానికీ నేను బాకీ ఉన్నాను. దాన్ని రాక్షసిని చేసినవాళ్లలో ముందువరుసలో ఉన్నది అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్‌ రూజ్‌వెల్ట్‌. బ్రెజిల్‌ అడవుల్లో తిరిగొచ్చి 1914లో రాసిన పుస్తకంలో దాన్ని ప్రపంచంలోకెల్లా భయంకరమైన చేపగా చిత్రించాడు. 1978 సినిమా మిగతా పని పూర్తిచేసింది. నిజానికి పిరానాలు ఎక్కువగా చిన్న చేపల్నీ, వాటి రెక్కల ముక్కల్నీ, చచ్చిన జంతువుల్నీ తిని బతుకుతాయి. గింజలూ తింటాయి. గుంపుగా తిరిగేది వేటకన్నా ఎక్కువగా తమను తినే పెద్ద చేపల భయంతోనేనని పరిశోధకులు తేల్చారు. అలాగని కరవదని కాదు. కరుస్తుంది, జాలరుల వేళ్లే సాక్ష్యం. పళ్ల విషయంలో మాత్రం పిరానాకూ పాకుకూ ఒకటే పద్ధతి. మనలా ఒక్కొక్కటి కాదు, దవడలో ఒక పక్క పళ్లన్నీ ఒకేసారి రాలి, కొత్తవి వరుసగా లేస్తాయి. అది కూడా 2019లోనే బయటపడింది. రెండు రకాల మధ్యలో నిలిచినట్టున్న పాతకాలపు చేప పళ్లు అర్జెంటీనాలో దొరికితే, దానికి 2009లో మెగాపిరానా అని పేరు పెట్టారు.

మన వృత్తివాళ్లు ఇలాంటివి చేయడం పుంగనూరులోనే కాదని తెలిసి కొంచెం తేలికపడ్డాను. 2013లో డెన్మార్క్‌, స్వీడన్‌ల మధ్య సముద్రంలో ఒక పాకు పడింది. ఈతకు దిగే మగవాళ్లు జాగ్రత్త అంటూ అక్కడి మ్యూజియం నిపుణుడొకరు సరదాగా ఒక మాటన్నాడు. దేశదేశాల పత్రికలు దాన్ని నిజం చేసేశాయి. తర్వాత ఆయన తల పట్టుకుని, సరదాకన్నానయ్యా అని చెప్పాల్సి వచ్చింది. తేడా ఒక్కటే, అక్కడ ఎవరూ నలభై కిలోల చేప పూడ్చుకోలేదు.

మేడ దిగేముందు మాస్టారు అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ నా వెంటే ఉంది. ‘కరుస్తుందా, కరవదా అని ఊరంతా అడిగారు. మీ చెరువులోకి ఎలా వచ్చిందని ఒక్కరైనా అడిగారా?’

అడగలేదు. నేనూ అడగలేదు. అమెజాన్‌ చేప పుంగనూరు చెరువు మొరవలో పడటం కన్నా పెద్ద వార్త ఏముంటుంది? దాన్ని పక్కన పెట్టి భయం రాశాను.

తర్వాత తెలుసుకుని రాసుకున్నది ఇది. ఈ చేప మన దేశంలోకి దొడ్డిదారిన వచ్చింది. ప్రభుత్వ అనుమతి లేకుండా, 2003–04 ప్రాంతంలో బంగ్లాదేశ్‌ నుంచి పశ్చిమ బెంగాల్‌కు, అక్కడి నుంచి పిల్లల రూపంలో మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువులకు. పేరు కూడా బెంగాలీదే. వాళ్లు సముద్రపు చందువను రూప్‌చాందా అంటారు. గుండ్రంగా అలాగే ఉంది కాబట్టి ఆ పేరే తగిలించారు. మనకూ చందువే, వాళ్లకూ చందమామే. రైతులు దీన్ని ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు. తవుడు, చెక్క ఏది పెట్టినా తింటుంది, త్వరగా బరువెక్కుతుంది. వేసవిలో చెరువు అడుగంటి నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే మిగతా చేపలు తేలిపోతాయి. ఇది మాత్రం కింది పెదవిని వాచినట్టు సాగదీసి, పైపొరలో ఉన్న మంచి నీళ్లను మొప్పల్లోకి తోడుకుంటుంది. మా వైపు ఎండలకు పుట్టినట్టే ఉంటుంది ఆ ఏర్పాటు.

చెరువుల్లో ఇది తనంతట తాను గుడ్లు పెట్టదనేది పెంచేవాళ్లు చెప్పే ధైర్యం. నిజమే, సొంత నదుల్లో ఇది వరదతోపాటు దూరం ఎదురీది గుడ్లు పెట్టే చేప. నిలవ నీళ్లలో హార్మోన్‌ సూది వేస్తేగానీ పిల్లలు రావు. బొచ్చె, శీలావతులకూ ఇదే పద్ధతి. 1957 జులై 10న హీరాలాల్‌ చౌదరి ఒడిశాలో మన చేపల చేత అలా గుడ్లు పెట్టించారు. అందుకే ఆ తేదీని జాతీయ మత్స్యరైతు దినోత్సవంగా జరుపుతున్నారు. అయితే చెరువు ఎప్పుడూ చెరువుగా ఉండదు కదా. వాన వస్తే మొరవ పారుతుంది, మొరవ వాగులో పడుతుంది, వాగు ఏట్లో కలుస్తుంది. గోదావరిలోనూ, కేరళ నీళ్లలోనూ రూప్‌చంద్‌లు వలలకు పడ్డాయి. మా ఊరి మొరవలో పడిందీ అలా వచ్చిందే. ఎగువన ఎవరో కుంటలో పెంచుకుంటుంటే కట్ట పొంగింది. ఆ మాట చెప్పడానికి ఆ రైతు మొదట నాకు దొరకలేదు. వార్త చూసి భయపడి నెల రోజులు బయటికి రాలేదు మరి.

ఈ మధ్య మళ్లీ ఇవన్నీ తవ్వుకోవడానికి కారణం కుప్పం. 2025 ఆగస్టులో హంద్రీ–నీవా కాలువలో కృష్ణా నీళ్లు అక్కడిదాకా చేరాయి. శ్రీశైలం జలాశయం వెనక మల్యాల దగ్గర ఎత్తిపోసిన నీళ్లు, వందల కిలోమీటర్లు నడిచొచ్చి పాలారు ఒడ్డు ఊళ్ల చెరువుల్లో పడటమంటే మాలాంటివాళ్లకు పండగే. ఆ పండగ గురించి రాయడానికి వెళ్లాను. తిరుగు రైలుకు గంటన్నర టైముంటే ఒక అక్వేరియం కొట్టులో దూరాను.

కొట్టు చిన్నదే కానీ గాజుతొట్లలో సగం ఆ రెండో వంశమే! నీలం గీత మెరిసే నియాన్‌ టెట్రాలు, బొటనవేలు సగమంత. 1936లో వాటికి శాస్త్రీయ నామం వచ్చింది. ఆ గీత రంగు కాదు, అద్దంలాంటి కణాలు వెలుగును తిప్పికొట్టడం. రాత్రి నిద్రలో మందగిస్తుంది. పక్క తొట్టిలో వెండి రూపాయల్లాంటి సిల్వర్‌ డాలర్లు. వీటి బంధువుల్లో ఇంకా వింతలున్నాయి. మెక్సికో గుహల్లో కళ్లే లేకుండా బతికే టెట్రా ఒకటి. నీటిపైన వేలాడే ఆకు మీద గుడ్లు పెట్టి, అవి ఎండిపోకుండా మగచేప కాపలా కాస్తూ తోకతో నీళ్లు చల్లే రకం ఇంకొకటి. ఆఫ్రికాలో కాంగో నదిలో మనిషి పొడవుకు కాస్త తక్కువగా, కుక్క కోరల్లాంటి పళ్లతో ఉండే పులిచేపా ఈ వంశమే.

మూలన తొట్టిలో నాలుగు పిల్లచేపలు. గుండ్రటి ఒళ్లు, నిప్పులాంటి ఎర్రపొట్ట, మచ్చలు. గాజుమీద స్కెచ్‌పెన్నుతో రాసుంది: పిరానా.

వంగి చూశాను. ముఖం నిమ్మళంగా ఉంది.

‘తమ్ముడూ, ఇవి రూప్‌చంద్‌ పిల్లలు కదా?’

కొట్టు కుర్రాడు అటూ ఇటూ చూసి నవ్వాడు. ‘మీకు తెలుసా అన్నా! రూప్‌చంద్‌ అని రాస్తే ఎవురు కొంటారు? కూరకు కిలోల్లెక్కన దొరుకుతాదే. పిరానా అంటే పిల్లోళ్లు ఏడ్చి కొనిపించుకుంటారు.’

చూశారా పేరు మహిమ! పుంగనూరులో ఏ పేరు ఒకామె పెట్టెను గుంతలో పూడ్పించిందో, కుప్పంలో అదే పేరు ధర పెంచుతోంది. ‘పెద్దయ్యాక ఏం చేస్తారు?’ అని అడిగాను. సొంత నదుల్లో ఇది ముప్పావు మీటరు దాటే చేప, తొట్టిలో ఎన్నాళ్లు పడుతుంది? ‘కొందరు తింటారన్నా. పెంచుకున్న దాన్ని తినలేం అనేటోళ్లు చెరువులో ఇడిచేస్తారు, పుణ్యమని’ అన్నాడు. బయట చెరువుల్లోకి కొత్తగా కృష్ణ వస్తోంది. కాలువంటే నీళ్లకు మాత్రమే దారి కాదు. కృష్ణలో ఉన్నదేదో పాలారుకూ, మదనపల్లె బాహుదాకూ రావచ్చు, ఇక్కడిది అక్కడికీ పోవచ్చు. మా చెరువుల్లోని పరిగెలూ కొరమీనులూ పరాయి చేపలతో ఎలా వేగుతాయో చూసి లెక్కరాసే మనిషి ఊరికొకరు కావాలనిపించింది. నీళ్లు రావద్దనే మాట మాత్రం నా నోట రాదు. తుమ్మచెట్ల చెరువులు చూసినవాణ్ని.

మరుసటి ఆదివారం పుంగనూరు వెళ్లాను. ఆమె అక్కడే ఉంది. పట్టా పోయి బల్ల వచ్చింది, మీద గొడుగు. డబ్బులు ఫోన్లో వేయించుకోవడానికి పక్కన కూతురు. బల్ల మీద శీలావతులతోపాటు రూప్‌చంద్‌లూ ఉన్నాయి. ముందు గుర్తుపట్టలేదు. ‘పిరానా’ అనగానే కత్తి ఆపి చూసింది.

‘ఓ... నువ్వా సామీ. లావెక్కినావు.’

ఆ నలభై కిలోల మాట ఎత్తాను. జేబులో డబ్బు కూడా తెచ్చుకున్నాను. చెయ్యి అడ్డం పెట్టింది. ‘ఆ అప్పు ఎప్పుడో తీరిపాయ. ఆరు నెల్లు పట్టింది తీర్చను. ఇప్పుడు కొనే చేపకి దుడ్డిస్తే చాలు.’ అంటూనే ఒక రూప్‌చంద్‌ తూకంలో వేసింది. అమెజాన్‌ గురించి, వరదలో మునిగిన అడవి గురించి, రాలే పండ్ల కోసం కాచుకునే చేపల గురించి నాకు చేతనైనట్టు చెప్పాను. పొలుసు గీకుతూనే వింది.

‘అయితే పండ్లు తినే చేపకి పండ్లు లేకుండా ఎట్లుంటాయి సామీ? ఆ మాట ఆపొద్దు రాసుంటే అయిపోవును కదా.’

‘తెలీదక్కా అప్పుడు.’

‘తెలీకపోతే అడగాల. నేను ఈడనే కదా ఉండాను.’

కూతురు నవ్వాపుకుంటోంది. నేను ఫోన్‌ తీసి డబ్బు పంపాను.

‘ఇప్పుడన్నా ఏస్తావా పేపర్లో?’

‘వేస్తానక్కా.’

‘నా పేరు మాత్రం ఏయొద్దు. మళ్లా ఎవురో ఒకరు వస్తారు, ఫొటో ఫొటో అని.’ చేపను ముక్కలు చేసి, తలను పక్కకు తోసింది. ‘ఇదేం చేయాల? పారేసేదా?’

‘వద్దక్కా, అట్నే పెట్టు. మా పాపకు నోరు తెరిచి చూపించాలి.’